పౌడరు మీద నల్ల గీత

షెడ్డు తాళంచెవి సేత్‌కి ఇవ్వకుండా నేను పిడికిట్లో బిగించి పట్టుకున్న దగ్గర మనం ఆగాం.

నా భర్త హెడ్లీ మే నెలలో పోయాడు. ఆయన మోటారుసైకిలు మా షెడ్డులో ఉంది. వయసులో నాకంటే పెద్దది ఆ బండి. పోయిన చలికాలమంతా హెడ్లీ దాని ముందు కూర్చుని ఇంజను ముక్కముక్కలుగా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. ఆయన చేతులు మూసిన ఆఖరి వస్తువు అది. ఆయన పోయాక వారానికోసారి సేత్ యాక్రాయిడ్ వచ్చి, బండి పట్టేయకుండా కాసేపు ఇంజను నడిపి వెళ్ళేవాడు. సేత్ ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. అతను నడిపి వెళ్ళిన ప్రతిసారీ కింద పెట్టిన రేకు పళ్ళెంలో ఆయిలు మడుగు కట్టేది. ఇంజను అడుగున రెండు చిప్పలు కలిసే అతుకు కారుతోందని సేత్ అన్నాడు. ఇంజను దించి, నిలువునా రెండుగా విడదీస్తే తప్ప ఆగదన్నాడు. బండిని తన ఇంటికి తీసుకెళ్ళి ఆ పని ఒక్కడే చేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన మూసినదాన్ని ఇంకొకరు తెరవడం నాకు ఇష్టం లేదు.

మా అమ్మాయి రోవెనా సంగతి కూడా మీకు తెలుసు. దానికి బండి నడపడం నేర్పింది తండ్రే. పక్కన ఇంకొకరు కూర్చునే తొట్టె తగిలించిన బండ్ల పందాల్లో అది మా జిల్లాకే పేరు తెచ్చింది. ఆరేళ్ళ కిందట ఒక పందెంలో బండి బోల్తా పడింది. తొట్టెలో ఉన్న దాని స్నేహితురాలు బ్రైనీకి నడుము విరిగింది. "ఆ పందాలు మానేదాకా ఈ గడప తొక్కకు" అన్నాడు హెడ్లీ. అది మానలేదు, గడపా తొక్కలేదు. తండ్రి అంత్యక్రియల రోజు చర్చిలో వెనక వరసలో నిలబడి, ఇంటికి రాకుండానే వెళ్ళిపోయింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఆయన వెళ్ళిపోయాడన్నది నాకు మిగిలిన బాధల్లో పెద్దది.

ఇక ఆ శనివారం సంగతి.

సేత్ పొద్దున్నే వచ్చాడు. కాలువ మీద మంచు ఇంకా విడలేదు. షెడ్డు తలుపు నేనే తీశాను, తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాను. అతను అది చూసి నవ్వాడు.

"ఆయిలు కారుతోందని ఇంత బెంగ ఎందుకు టీచరమ్మా? ఈ పాత బండ్లు కారకపోతేనే భయపడాలి. కారడం లేదంటే లోపల లేదన్నమాట" అన్నాడు. అతని పిల్లలిద్దరూ నా తరగతిలో చదివారు. అప్పటినుంచీ నేను అతనికి టీచరమ్మనే.

"కారడం మామూలే అని నువ్వే అంటావు. విప్పి తీరాలని నువ్వే అంటావు. ఏదో ఒకటి అను సేత్."

అతను బండి పక్కన గొంతుక్కూర్చుని, అడుగు అతుకు వెంట వేలు రాసి, నల్లబడిన వేలు నాకు చూపించాడు. ఇంకేం సాక్ష్యం కావాలన్నట్టు.

ఆయిలు చివరికి చేరిన చోటు అది, మొదలైన చోటు అదేనని ఎలా చెప్పగలవని అడిగాను. తప్పు ఎక్కడుందో చూపించకుండా కాగితం మొత్తం కొట్టేసే అలవాటు నాకు లేదన్నాను. ముందు ఇంజను శుభ్రంగా కడుగు, ఆరబెట్టు, ఎక్కడ తడుస్తుందో నా కళ్ళకి చూపించు, అప్పుడు తాళంచెవి ఇస్తాను. అదీ నా షరతు.

సేత్‌కి ఆ పద్ధతి తెలియనిది కాదు. హెడ్లీ, అతనూ ఎన్నో ఇంజన్లని అలాగే పరీక్ష చేశారు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదో నాకు అప్పుడు తట్టలేదు.

కిరసనాయిలూ పాత పళ్ళబ్రష్షూ పెట్టుకుని కూర్చున్నాం. నేను ఇంజనుని చల్లబరిచే పై రెక్కల మధ్య తోమాను, అతను అడుగు భాగం చూసుకున్నాడు. ఏళ్ళనాటి జిడ్డు కరిగి, లోహం బూడిదరంగులో బయటపడింది. ఇంజను ఊపిరి వదిలే సన్నటి గాలిగొట్టాన్ని ముందు చూడాలన్నాడు సేత్. అది పూడుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిలు దొరికిన సందునల్లా తోసుకొస్తుందట. నోటితో ఊది చూశాడు. గాలి బాగానే పోయింది. పాత గుడ్డలతో తుడిచి, తలుపు బార్లా తీసి, ఎండకి ఆరనిచ్చాం.

ఆయిలు ఎక్కడ తడిపినా కనిపించేలా ఇంజను మీద చల్లడానికి పౌడరు కావాలన్నాడు. నేను పైకి వెళ్ళి స్నానాల గది అరలోంచి డబ్బా తెచ్చాను. హెడ్లీ బూట్లలో చల్లుకునే పౌడరు అది. సగం ఉంది. వేసవంతా ఆ డబ్బాని జరిపి దుమ్ము తుడిచాను కానీ తీసి పడెయ్యలేదు. సేత్ డబ్బాని గుర్తుపట్టినట్టున్నాడు. వేరేది చూద్దామా అని అడిగాడు. ఇదే వాడమన్నాను.

ఇంజనంతా తెల్లగా అయింది. పక్కింటి మార్జరీ గోడ మీంచి తొంగిచూసింది.

"స్నానం చేయించారు, పౌడరు వేశారు. చర్చికి తీసుకెళ్ళి పేరు పెట్టిస్తారా ఏంటి?"

"పేరు ఎప్పుడో పెట్టాం. పక్క తడిపే అలవాటు మాన్పిస్తున్నాం" అన్నాడు సేత్.

మార్జరీ నవ్వుతూ లోపలికి వెళ్ళింది. నేనూ నవ్వాను. ఆ షెడ్డులో నవ్వి చాలా కాలమైంది.

సేత్ కిక్కు కొట్టి బండెక్కి, కొండ మీది బీడు దాకా వెళ్ళివస్తానని బయల్దేరాడు. ఇంజను చప్పుడు చర్చి మలుపు దాటి, రాతిగోడల మధ్య సన్నబడి, చివరికి గొర్రెల అరుపుల్లో కలిసిపోయింది. టీ పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఆదివారాలు ఇలాగే వినేదాన్ని. హెడ్లీ మాత్రం ఇంటి ముందు ఎప్పుడూ ఇంజను వేసేవాడు కాదు. ఇరుగుపొరుగు నిద్ర పాడవుతుందని, బండిని నెట్టుకుంటూ పల్లంలో చర్చి గోడ దాకా వెళ్ళి, అక్కడ కిక్కు కొట్టేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం చర్చి దగ్గర్నుంచి మొదటి గేరులో, మనిషి నడిచేంత మెల్లగా వచ్చేవాడు. ఇంజనుని చల్లబడనిస్తున్నాడేమో అనుకునేదాన్ని.

సేత్ తిరిగొచ్చి బండిని నిలబెట్టాడు. వేడి లోహం టిక్కుటిక్కుమంటోంది. ఇద్దరం టార్చి పట్టుకుని వంగాం.

అడుగు అతుకు ముందువైపు పౌడరు చెక్కుచెదరలేదు. ఎడమవైపు కూడా తెల్లగా, పొడిగా ఉంది. వెనకవైపు మాత్రమే తడి. ఆ తడి అతుకులోంచి రావడం లేదు. పైనుంచి దిగి అక్కడికి చేరుతోంది. ఆయిలు పల్లానికి దిగుతుంది, ఎదురుగాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అది పుట్టిన చోటు కావాలంటే మనం పైకీ ముందుకీ వెతుక్కుంటూ పోవాలి. నేను టార్చి మెల్లగా పైకి జరిపాను. తెల్లటి పౌడరు మీద పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్ల గీత. రెక్కల అంచులు దాటుకుంటూ అది ఇంజను తల దాకా వెళ్ళింది. అక్కడ చిన్న బోల్టులతో బిగించిన పై మూత కింద, కుడి మూల దగ్గర మొదలైంది. అక్కడ మూతకీ ఇంజనుకీ మధ్య పెట్టే ప్యాకింగు కాగితం నలిగి చిన్న మడత పడి ఉంది. ఒక బోల్టు మరీ బిగుతు, దాని పక్కది వదులు.

"అడుగు అతుకు పొడిగా ఉంది" అన్నాడు సేత్.

మళ్ళీ అదే మాటన్నాడు. తర్వాత లేచి, బోర్లించిన పెట్టె మీద కూర్చుని, టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

తన లెక్క తప్పిందని తెలిసిన మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి చూశాను. ఇది అలా లేదు. మెడ మీంచి బరువు దించుకున్నవాడి మొహం అది.

"నీ మాట తప్పని తేలింది. నీకు సంతోషమెందుకు సేత్?"

అతను టోపీని మోకాలి మీద తిప్పాడు.

"ఆ అడుగు అతుకు నా పని, టీచరమ్మా. చిప్పలు మూసింది హెడ్లీ కాదు. నేను."

ఆ తర్వాత మిగతాదంతా చెప్పాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, తవ్వి తీసినట్టు ఒక్కో మాటా వచ్చింది. అంతకు ముందు చలికాలంలోనే హెడ్లీ చేతులు వణకడం మొదలైందట. కిందటి చలికాలానికి నట్టు మర మీద ఎక్కించలేకపోయేవాడట. నేను బడికి వెళ్ళిన వేళల్లో సేత్ వచ్చి పని చేసేవాడు. హెడ్లీ పక్కన కూర్చుని దేని తర్వాత ఏది అన్నది చెప్పేవాడు. నాలుగింటికి నేను వచ్చేసరికి సేత్ వెనక దారిన వెళ్ళిపోయేవాడు. నాకు తెలిస్తే బండి అమ్మేయమంటానని హెడ్లీ భయపడ్డాడట. ఆ రోజుల్లో షెడ్డు చల్లగా ఉండి, అతుకు మందు సరిగ్గా ఆరలేదని సేత్‌కి అప్పటినుంచీ అనుమానం. స్నేహితుడి ఆఖరి ఇంజనుని తనే పాడుచేశానని వేసవంతా అనుకున్నాడు. అందుకే ఎవరూ చూడకుండా తీసుకెళ్ళి సరిచేద్దామనుకున్నాడు.

"మరి పై మూత?" అన్నాను.

"అదొక్కటీ తనే బిగిస్తానన్నాడు. నన్ను బయటికి పొమ్మన్నాడు. మధ్యాహ్నమంతా పట్టింది ఆయనకి."

నేను ఆ మూత వైపు చూశాను. బోల్టులు వరసగా లేవు. ఒకదాని తల మీద పానా జారిన గీతలు. వాటి పక్కన మళ్ళీ గీతలు.

ఆ చలికాలంలో ఆయన కప్పు నిండా టీ పోయనిచ్చేవాడు కాదు. క్రిస్మస్ కార్డుల మీద పేర్లు నన్నే రాయమన్నాడు, నీ అక్షరాలు బాగుంటాయి కదా అని. చర్చిలో కూడా చేతులు కోటు జేబుల్లోనే ఉండేవి. చలి అనుకున్నాను. చలిగానే ఉండేది కూడా.

సేత్ లేచాడు. కొత్త ప్యాకింగు కోసి వేస్తే ఆ మూత అరగంట పని అన్నాడు. ఇంజను దించక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. పానా కోసం చెయ్యి చాచాడు. అప్పుడు నాకు అతని కుడి మోకాలు కనిపించింది. ఉతికిన ఖాకీ ప్యాంటు మీద, మోకాలి లోపలివైపు, అరచేతంత ఆయిలు మరక. పై మూతలోంచి వచ్చిన ఆయిలుని గాలి తీసుకెళ్ళి నడిపేవాడి కుడి మోకాలికి కొడుతోందన్నమాట.

నేను ఇంట్లోకి వెళ్ళాను.

హెడ్లీ బట్టలు చాలావరకు ఇచ్చేశాను. ఆదివారం ప్యాంటు ఒకటి ఉంచుకున్నాను. ఆయన ప్రతి ఆదివారం అదే వేసుకుని బండి మీద వెళ్ళేవాడు. సోమవారం నేను బడి నుంచి రాగానే సబ్బు పెట్టి రుద్దేదాన్ని. ఎంత రుద్దినా పోని మరక ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. షెడ్డులోకి తెచ్చి, బల్ల మీద పరిచి, సేత్‌ని చూడమన్నాను.

కుడి మోకాలు శుభ్రంగా ఉంది. మరక ఎడమ కాలి మీద, కిందుగా, పిక్క దగ్గర ఉంది.

"అది చైను పక్క" అన్నాడు సేత్. అనేశాక ఆగిపోయాడు.

"అవును. ముందు కూర్చున్నవాళ్ళ కాలు చైనుకి ముందు ఉంటుంది. దాని పక్కకి వచ్చేది వెనక కూర్చున్నవాళ్ళ పిక్క. చేతులు వణికే మనిషి కొండ మీదికి ఎలా నడిపాడా అని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఆయన నడపలేదు. ముందు ఎవరు కూర్చున్నారు సేత్?"

"నేను మాత్రం కాదు."

"నువ్వు కాదని నాకు తెలుసు. ఆదివారాలు నువ్వు చర్చిలో పాడతావు. ఎవరు?"

"మాటిచ్చాను టీచరమ్మా."

"ఎవరికిచ్చావో ఆయన లేడు."

"అందుకే మరీ తప్పకూడదు. ఉన్నవాడైతే కాళ్ళమీద పడి తప్పు ఒప్పుకోవచ్చు."

 అతను ప్యాంటుని మడతలు పోకుండా మడిచి నాకు ఇచ్చాడు. తలుపు దాకా వెళ్ళి, బయటికి చూస్తూ, నాతో కాదన్నట్టు అన్నాడు.

"రేపు ఆదివారం. పొద్దున చర్చి గోడ దగ్గర చూడండి. ఇప్పటికీ వస్తుంది. కాసేపు నిలబడి వెళ్ళిపోతుంది."

వస్తుంది అన్నాడు. ఇంకేం అడగక్కర్లేకపోయింది.

గడప తొక్కకు అన్నాడు తండ్రి. చర్చి గోడ గడప కాదు. ఇద్దరిలో ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు. మాట చుట్టూ తిరిగి వెళ్ళారు. మా లోయలో మనుషులు అలాగే చేస్తారు. గోడకి గేటు పెట్టమంటే పెట్టరు, గోడ పొడవునా మైలు నడిచి అవతలికి వెళ్తారు. కూతురు నడుపుతోందని నాతో చెప్పాలంటే, ఆయన చేతుల వణుకు సంగతీ చెప్పాలి. అందుకే నాకూ చెప్పలేదు.

సేత్ పానాతో నిలబడే ఉన్నాడు. "మూత బాగుచెయ్యనా?" అన్నాడు.

"ఇవాళ వద్దు."

"కారుతుంది."

"కారనీ. పళ్ళెం ఉంది."

అతను పానాని దాని మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. తాళంచెవి అడగలేదు. నేనే గోడ మీద, అందరికీ కనిపించే చోట పెట్టాను.

ఆదివారం పొద్దున హెడ్లీ ప్యాంటు వేసుకున్నాను. నడుము దగ్గర బెల్టు బిగించాల్సి వచ్చింది. ఆయన హెల్మెట్‌ని హ్యాండిలుకి తగిలించి, బండిని షెడ్డులోంచి బయటికి నెట్టాను. అంత బరువని అనుకోలేదు. దారి పల్లంగా ఉండటం వల్ల ఆపడమే కష్టమైంది. వణికే చేతులతో ఆయన దీన్ని ఎలా నెట్టుకెళ్ళాడో అని ప్రతి అడుక్కీ అనుకున్నాను. మార్జరీ కిటికీ తెర కదిలింది. 

చర్చి గోడ దగ్గర ఒక బండి ఆపి ఉంది. పక్కన ఎవరో నాకు వీపు పెట్టి, రాళ్ళ మీద చేతులు ఆనించి, కొండ వైపు చూస్తూ నిలబడ్డారు. చక్రాల చప్పుడుకి తిరిగారు. ముందు నాకు కనిపించింది మొహం కాదు. కుడి మోకాలు. మందపాటి ప్యాంటు మీద, లోపలివైపు, ఎన్ని ఉతుకులకీ వదలని అరచేతంత మరక.

రోవెనా మొహంలో మొదట భయం కనిపించింది, తర్వాత అది కూడా పోయింది. కళ్ళు తండ్రివే. పరుగెత్తుకుని రాలేదు. వచ్చి హ్యాండిలు రెండో వైపు పట్టుకుంది. బరువు సగం తగ్గింది.

"సేత్ మామయ్య చెప్పాడా?"

"లేదు. నీ మోకాలు చెప్పింది."

అది కిందికి చూసుకుంది. తర్వాత నా ఎడమ కాలు వైపు చూసింది. ఆ ప్యాంటుని గుర్తుపట్టడానికి దానికి ఎంతోసేపు పట్టలేదు. పెదవి కొరుక్కుని, మొహం పక్కకి తిప్పుకుంది. నేను దాని చేతి మీద చెయ్యి వేశాను. చేతి తొడుగు చల్లగా, ఆయిలు వాసన వేస్తూ ఉంది.

ప్రతి ఆదివారం ఎక్కడికి వెళ్ళేవారని అడిగాను. ఊరికే కొండ చుట్టూ తిరిగొచ్చేవాళ్ళమంటుందని అనుకున్నాను.

"ఊరికే తిరగడానికి కాదమ్మా" అంది. కొండ వైపు చూస్తూ, చాలా నెమ్మదిగా. "అక్కడ ఒకళ్ళు నాన్న కోసం ఇంకా కుర్చీ వేసి ఉంచుతున్నారు. ఒంట్లో బాగాలేదనే చెప్తూ వచ్చాను. పోయాడని చెప్పలేకపోయాను."

"ఎవరు?"

అది మా బండి మీదెక్కి, కాలు ఎత్తి, ఒక్క కిక్కుతో ఇంజను వేసింది. తండ్రి నేర్పిన తీరే.

"ఎక్కు. నేనొక్కదాన్నీ చెప్పలేను."

నేను హెడ్లీ హెల్మెట్ పెట్టుకుని, దాని భుజం పట్టుకుని, వెనక ఎక్కాను. పాదాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాల్సి రాలేదు. ఎడమ పిక్క మీది పాత మరక సరిగ్గా చైను పక్కకి వచ్చి ఆగింది.